ఇసుక గుంటలు లేని గోల్ఫ్ మైదానం

పోయిన ఏడాది మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక రంగుల చిత్రం చూపించాను. ఎత్తుపల్లాల నేల. దాని నిండా మోకాలెత్తు పొదలు, పొదల నిండా ఊదారంగు పూలు. మధ్యలో పొట్టిగా కత్తిరించిన పచ్చిక బాట ఒకటి. దూరాన రెండో మూడో పైను చెట్లు. "ఇదేమిటో చెప్పండి" అన్నాను. "తోట" అన్నాడొకడు. "బీడు" అన్నాడింకొకడు. వెనక బెంచీ మీది అమ్మాయి లేచి, "మాస్టారూ, అది గోల్ఫ్ ఆడే చోటు. టీవీలో చూశాను" అంది. "ముగ్గురు చెప్పిందీ కొంత కొంత నిజమే. కానీ ఆ చోటి పేరులో అడవి అనే మాట కూడా ఉంది" అన్నాను. అందరూ నవ్వారు. చెట్లే లేనిచోట అడవేమిటని వాళ్ళ సందేహం!

ఆ చోటు ఇంగ్లండులో ఉంది. పేరు రాయల్ ఆష్‌డౌన్ ఫారెస్ట్ గోల్ఫ్ క్లబ్బు. లండన్ చుట్టుపక్కల సన్నింగ్‌డేల్, వాల్టన్ హీత్ వంటి పేరుమోసిన మైదానాలు ఉన్నాయి. 1981లో రైడర్ కప్పు పోటీలు వాల్టన్ హీత్‌లోనే జరిగాయి. ఆష్‌డౌన్‌కు అంత పేరు రాలేదు. కానీ సైన్సు చదివే విద్యార్థికి అది చూడవలసిన చోటు. ఆటగాడికి లోపంలా కనిపించే ఒక విశేషం అక్కడ ఉంది. ఆ మైదానంలో ఒక్క ఇసుక గుంట కూడా లేదు. ఎందుకు లేదు? ఈ చిన్న ప్రశ్న పట్టుకుని బయలుదేరితే భూగర్భశాస్త్రం, వృక్షశాస్త్రం, చరిత్ర, న్యాయస్థానం అన్నీ దారిలో తగులుతాయి. రండి, వెళ్ళి చూద్దాం.

ముందు ఆట సంగతి

గోల్ఫ్ ఎన్నడూ చూడని వాళ్ళకోసం నాలుగు మాటలు. చిన్న గట్టి బంతిని పొడవాటి కర్రతో కొట్టుకుంటూ వెళ్ళి, దూరాన ఉన్న ఒక రంధ్రంలో పడేయాలి. తక్కువ దెబ్బల్లో పడేసినవాడు గెలిచినట్టు. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములకు మించకూడదు. రంధ్రం వెడల్పు 108 మిల్లీమీటర్లు. ఇలాంటి రంధ్రాలు మొత్తం 18.

ఆట మొదలుపెట్టే చోటు టీ. అక్కడినుంచి గడ్డి కత్తిరించిన బాట ఫెయిర్‌వే. చివర, రంధ్రం చుట్టూ తివాచీలా నున్నగా ఉండేది గ్రీన్. బాటకు అటూ ఇటూ కత్తిరించకుండా వదిలేసిన నేల రఫ్. దారిలో అక్కడక్కడ ఇసుక నింపిన గుంటలుంటాయి. వాటిని బంకర్లు అంటారు. బంతి అందులో పడిందా, దాన్ని బయటికి తీయడానికి ఆటగాడు తంటాలు పడాలి. బంకర్లు లేని గోల్ఫ్ మైదానం వికెట్లు లేని క్రికెట్టులా ఉంటుందేమోనని మీరనుకోవచ్చు. కాదని ఇప్పుడే చూస్తారు.

ఊదారంగు కొండవాలు

ఆగస్టు నెలలో ఒక ఉదయం అనుకోండి. లండన్ విక్టోరియా స్టేషనులో రైలెక్కితే ఇంచుమించు గంటలో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ చేరతాం. పూర్వం రైలు ఇంకా ముందుకు, ఫారెస్ట్ రో అనే ఊరికి కూడా వెళ్ళేది. 1967లో ఆ మార్గం మూసేశారు. ఇప్పుడు అయిదు కిలోమీటర్లు బస్సులో వెళ్ళాలి. ఊరు దాటి గుట్ట ఎక్కామంటే మైదానం కనిపిస్తుంది.

ముందు ఆ పొదల దగ్గరకు వెళ్దాం. వాటి పేరు హెదర్. కొమ్మలు సన్నగా, గట్టిగా తీగల్లా ఉంటాయి. ఆకులు బియ్యపుగింజకన్నా చిన్నవి. పూలు కూడా చిన్నవే, కానీ లక్షల పూలు ఒక్కసారి పూయడంవల్ల గుట్టంతా ఊదారంగు దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. మధ్య మధ్య ముళ్ళతో, పసుపుపచ్చని పూలతో గోర్స్ పొదలు. పల్లాల్లో బ్రాకెన్ అనే ఫెర్న్ జాతి మొక్కలు. ఇలా చెట్లు తక్కువై, పొట్టిపొదలతో నిండిన నిస్సారమైన నేలను ఇంగ్లీషువాళ్ళు హీత్ అంటారు. 

ఆటగాడి బంతి దారితప్పి హెదర్‌లో పడిందనుకోండి. ఆ తీగల కొమ్మలు కర్రను పట్టి లాగుతాయి. ఎంత బలంగా కొట్టినా శక్తి చాలా భాగం కొమ్మలు వంచడానికే ఖర్చవుతుంది. బంతికి అందేది కొంచెమే. ఇక ఆరో రంధ్రం దగ్గరకు రండి. దాన్ని ఐలెండ్ అంటారు, అంటే ద్వీపమని. దూరం సుమారు 130 గజాలు మాత్రమే. కానీ గ్రీన్‌కు ఒక పక్క ఏరు, మిగతా పక్కల లోతైన కాలువ. బంతి సరిగ్గా గ్రీన్ మీద పడిందా సరి, లేకపోతే నీళ్ళపాలు. గాలి, వాలు, ఏరు, పొద, ఈ నాలుగూ ఉండగా ఇక ఇసుక గుంటతో పనేముంది?

ఈ మైదానం మీద ఆట నేర్చిన ఒక మనిషిని గోల్ఫ్ లోకం అంతా ప్రతి రెండేళ్ళకూ చూస్తుంది, కానీ చాలామందికి అతనెవరో తెలియదు. 1892లో ఇక్కడ ఊరి పనివాళ్ళకోసం కాంటెలూప్ క్లబ్బు అని ఒకటి పెట్టారు. అందులో ఆడిన ఏబ్ మిచెల్ తరవాత పెద్ద ఆటగాడయ్యాడు. 1927లో మొదలైన రైడర్ కప్పు మూతమీద గోల్ఫ్ ఆడుతున్న చిన్న బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ అతనిదే.

నేల కింద ఏముంది?

ఇక కిందికి చూద్దాం. ఇక్కడి ఇసుకరాతి పొరలు సుమారు 14 కోట్ల సంవత్సరాల కిందటివి. డైనోసార్లు తిరిగిన ఆ కాలంలో నదులు తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు, బంకమట్టి గట్టిపడి రాళ్ళయ్యాయి. ఆ రాళ్ళు అరిగి ఇప్పటి నేల అయింది. అందుచేత ఇక్కడ కొన్నిచోట్ల ఇసుక ఎక్కువ, కొన్నిచోట్ల బంకమట్టి ఎక్కువ.

ఇసుకరేణువు వ్యాసం 2 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటరుకన్నా చిన్నది. పెద్ద రేణువుల మధ్య పెద్ద ఖాళీలుంటాయి, వాటిలోంచి వాననీరు త్వరగా దిగిపోతుంది. చిన్న రేణువుల మధ్య ఖాళీలు సూక్ష్మం, నీరు అక్కడే నిలుస్తుంది. లండన్ కింద ఉన్నది చాలామటుకు బంకమట్టి. ఆ నేలమీద వేసిన మైదానాలు శీతాకాలం బురద, వేసవిలో బీటలు. పందొమ్మిదో శతాబ్దం చివర ఆటగాళ్ళు ఇసుక నేలలను వెతుక్కుంటూ హీత్‌ల మీదికి రావడానికి కారణం ఇదే. ఆష్‌డౌన్ క్లబ్బు 1888లో పుట్టింది. 1893లో దానికి రాయల్ అనే బిరుదు దొరికింది.

నీరు త్వరగా దిగిపోవడం ఆటకు మేలు, మొక్కకు కష్టం. మీ ఇంట్లో ఫిల్టరు కాఫీ కాస్తారా? పై గిన్నెలోని పొడిమీద నీళ్ళు పోస్తే, పొడిలోని సారమంతా నీటితోపాటు కిందికి దిగి డికాక్షన్ అవుతుంది. మళ్ళీ మళ్ళీ పోస్తే పైన మిగిలేది పిప్పి. హీత్ నేల గతీ ఇంతే. వేల సంవత్సరాల వానలు పైపొరలోని కాల్షియం, పొటాషియం, ఇనుము వంటి వాటిని కిందికి మోసుకుపోయాయి. పైపొర బూడిదరంగుకు తిరిగింది. కింద ఒకచోట ఇనుము, నల్లని సేంద్రియ పదార్థం పేరుకుని తుప్పురంగు గట్టిపొర ఏర్పడింది. ఇలాంటి నేలను పాడ్‌జోల్ అంటారు. అది రష్యను మాట, అడుగున బూడిద అని అర్థం. ఇలాంటి నేలల పీహెచ్ విలువ సుమారు 4. మన టొమాటో రసం విలువకూడా ఇంచుమించు అంతే అని గుర్తుపెట్టుకోండి.

పేదనేలలో బతికే విద్య

ఇంత పుల్లని, సారంలేని నేలలో హెదర్ ఎలా బతుకుతోంది? ఒంటరిగా కాదు. దాని వేళ్ళు వెంట్రుకలంత సన్నం. ఆ వేళ్ళ కణాలలో ఒకరకం శిలీంధ్రం కాపురం ఉంటుంది. కుళ్ళీ కుళ్ళని ఆకుచెత్తలో చిక్కుకున్న నత్రజనిని ఆ శిలీంధ్రం విడదీసి మొక్కకు ఇస్తుంది. మొక్క తన ఆకుల్లో తయారుచేసిన చక్కెరలో కొంత శిలీంధ్రానికి ఇస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం అన్నమాట. గోర్స్ పొదది వేరే పద్ధతి. అది చిక్కుడు కుటుంబానికి చెందింది. మన కందికి, పెసరకు ఉన్నట్టే దాని వేళ్ళకు బుడిపెలుంటాయి. వాటిలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది.

పల్లంలో బంకమట్టి ఉన్నచోట నీరు నిలిచి చిత్తడిగా ఉంటుంది. అక్కడ వంగి చూస్తే ఎర్రని వెంట్రుకల మీద జిగురుబొట్లతో మెరిసే చిన్న మొక్క కనిపిస్తుంది. మీ పాఠ్యపుస్తకంలో కీటకాహార మొక్కల దగ్గర దాని పేరు చదివే ఉంటారు, డ్రోసెరా. నేల ఇవ్వని నత్రజనిని అది పురుగుల నుంచి తీసుకుంటుంది. మన తెలుగునేల మీద కూడా సారంలేని తడినేలల్లో డ్రోసెరా జాతులు ఉన్నాయి. వానాకాలం చివర వెతికి చూడండి.

ఈ పొదలను నమ్ముకున్న ప్రాణులు మరికొన్ని ఉన్నాయి. డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట గోర్స్, హెదర్ పొదల్లోనే గూడు కడుతుంది. పురుగులు తిని బతికే చాలా పిట్టలు చలికాలంలో దక్షిణదేశాలకు వలసపోతాయి. ఇది పోదు. అందుకే 1962-63 శీతాకాలంలో నెలల తరబడి మంచు కప్పినప్పుడు బ్రిటన్ మొత్తంమీద ఇరవైలోపు జతలే మిగిలాయి. తరవాత పొదలు నిలిచి ఉన్నచోట్ల నుంచే మళ్ళీ పెరిగాయి. సిల్వర్ స్టడెడ్ బ్లూ అనే నీలిరంగు సీతాకోకచిలుక గొంగళిపురుగు ఇక్కడి చీమలకు తియ్యని ద్రవం ఇస్తుంది. చీమలు దానికి కాపలా కాస్తాయి. ఈ నేల వట్టి బీడు కాదని ఇప్పుడు ఒప్పుకుంటారా?

చెట్లు ఎలా పోయాయి?

మా పిల్లల సందేహానికి వద్దాం. చెట్లు లేకుండా ఫారెస్ట్ అని పేరెందుకు? పూర్వం ఇంగ్లీషులో ఆ మాటకు చెట్ల గుంపు అనే అర్థం కాదు ముఖ్యం. రాజుగారు వేటాడుకోవడానికి ప్రత్యేకించిన నేల అని అర్థం. ఆష్‌డౌన్‌లో జింకలను పెంచి, చుట్టూ కందకం, కట్ట, దడి వేశారు. 

అయితే ఆ నేలమీద ఒకప్పుడు చెట్లు లేవా అంటే, ఉండేవి. ఇలాంటి విషయం తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు పుప్పొడి సాయం చేస్తుంది. చిత్తడినేలలో పడిన పుప్పొడి రేణువులు కుళ్ళకుండా వేల ఏళ్ళు నిలుస్తాయి. పొరపొరగా మట్టి తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఏ కాలంలో ఏ మొక్కలుండేవో తెలిసిపోతుంది. ఇంగ్లండులోని హీత్‌లలో కింది పొరల్లో చెట్ల పుప్పొడి, పై పొరల్లో హెదర్, గడ్డి పుప్పొడి కనిపిస్తాయి. రాతియుగం, కంచుయుగం మనుషులు చెట్లు నరికి, తగలబెట్టి, పశువులను మేపారు. చెట్లు పోయాక వాన నేరుగా నేలను కడిగింది. నేల పేదదైంది, హెదర్ వచ్చి చేరింది.

ఆష్‌డౌన్‌లో మరో కారణం కూడా ఉంది. అది ఇనుము. 1496లో ఇక్కడి న్యూబ్రిడ్జ్ దగ్గర కట్టిన బ్లాస్ట్ కొలిమి ఇంగ్లండులో తొలి కొలిముల్లో ఒకటి. కొలిమి నడవాలంటే కట్టెబొగ్గు కావాలి, కట్టెబొగ్గుకు చెట్లు కావాలి. అంటే, మనం చూసిన ఆ అందమైన ఊదారంగు గుట్ట అచ్చంగా ప్రకృతి చేసింది కాదు. మనిషి, ప్రకృతి కలిసి చేసింది.

కొడవలి పట్టిన మనిషి

1693లో ఆష్‌డౌన్ నేలను పంచారు. సగానికి పైగా కామందుల చేతికి వెళ్ళింది. సుమారు 6,400 ఎకరాలు మాత్రం చుట్టుపక్కల రైతుల ఉమ్మడి వాడకానికి మిగిలాయి. యాజమాన్యం ప్రభువుదే. కానీ పశువులు మేపుకునే హక్కు, వంటచెరకు తెచ్చుకునే హక్కు రైతులకుండేవి. వాళ్ళు బ్రాకెన్, హెదర్ కోసుకుపోయి కొట్టంలో పశువుల కింద పరిచేవాళ్ళు. అది పేడతో కలిసి పొలానికి ఎరువయ్యేది.

1877 అక్టోబరులో జాన్ మైల్స్ అనే అతను ఇలాగే కొడవలి పట్టుకుని చెత్త కోస్తున్నాడు. బెర్నార్డ్ హేల్ అనే హక్కుదారు తరఫున కోస్తున్నాడు. ప్రభువు మనుషులు పట్టుకున్నారు. డెలవేర్ ప్రభువు కోర్టుకు వెళ్ళాడు. పశువులు మేపుకోవచ్చు గాని, కోసుకుపోయే హక్కు మీకు లేదని ఆయన వాదన. రైతుల దగ్గర రాతకోతలు ఏమున్నాయి? రేపర్ అనే వకీలు ఊరూరా తిరిగి వృద్ధుల మాటలు రాసుకున్నాడు. మా తాతలనాటి నుంచి కోస్తున్నామని వాళ్ళు చెప్పారు. 1880లో తీర్పు ప్రభువుకే అనుకూలంగా వచ్చింది. 1881లో పైకోర్టు దాన్ని తిప్పేసింది. ఎన్నో ఏళ్ళుగా ఎడతెగకుండా సాగిన వాడుకే హక్కు అని తేల్చింది.

ఆ గొడవ తరవాత 1885లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆ ఉమ్మడి నేలను కనిపెట్టుకుని ఉండటానికి కన్సర్వేటర్లు అనే సంరక్షకుల మండలి ఏర్పడింది. మూడేళ్ళకు గోల్ఫ్ క్లబ్బు పుట్టింది. అంటే ఆట వచ్చేసరికే కట్టుబాటు ఉంది. ఆడుకోవచ్చు, కానీ నేలను ఇష్టం వచ్చినట్టు తవ్వడానికి వీల్లేదు. కాళ్ళ కింద ఇసుక ఉన్నా ఇసుక గుంటలు లేకపోవడానికి కారణం ఇదీ. మొదట మనం వేసుకున్న ప్రశ్నకు జవాబు దొరికింది. క్లబ్బువాళ్ళు ఉన్న వాలును, ఉన్న ఏరును, ఉన్న పొదను వాడుకున్నారు. ఆ కట్టుబాటే మైదానానికి అందమైంది.

వదిలేస్తే ఏమవుతుంది?

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఈ నేలను కాపాడాలంటే ఏం చేయాలి? "ఎవరినీ రానివ్వకుండా కంచె వేసి వదిలేయాలి" అని మీలో చాలామంది అంటారు. మా తరగతిలోనూ అదే అన్నారు. అది పొరపాటు.

వదిలేశారనుకోండి. మొదటి ఏడాది తేడా తెలియదు. గాలికి కొట్టుకువచ్చిన బర్చ్ విత్తనాలు, పైను విత్తనాలు పొదల మధ్య మొలుస్తాయి. మేసే పశువు లేదు, కోసే కొడవలి లేదు. మొలకలు చెట్లవుతాయి. నీడ పడితే హెదర్ బతకదు. పైగా బర్చ్ ఆకులు రాలి నేలను క్రమంగా సారవంతం చేస్తాయి, పులుపు తగ్గిస్తాయి. ఆ నేలలో గడ్డి, బ్రాకెన్ పెరుగుతాయిగాని హెదర్ తేలిగ్గా తిరిగి రాదు. ఇలా ఒక మొక్కల సముదాయం పోయి మరొకటి రావడాన్ని అనుక్రమం అంటారు.

ఆష్‌డౌన్‌లో అదే జరిగింది. రెండో ప్రపంచయుద్ధం తరవాత రైతులు ఉమ్మడి నేలమీద పశువులు మేపడం, చెత్త కోయడం చాలావరకు మానేశారు. అవసరం తీరిపోయింది. 1947 నాటికి సుమారు 90 శాతం ఉన్న హీత్, ఇంచుమించు 60 ఏళ్ళలో 60 శాతానికి వచ్చింది. మిగతాది చెట్లు ఆక్రమించాయి. ఇంగ్లండు మొత్తంమీద చూస్తే 1800 నుంచి పల్లపు ప్రాంతాల హీత్‌లలో 80 శాతానికి పైగా పోయాయి. కొన్ని పొలాలయ్యాయి, కొన్ని ఇళ్ళయ్యాయి, కొన్ని పైను తోటలయ్యాయి, కొన్ని ఇలా పట్టించుకోక పోయాయి. ప్రపంచంలోని ఇలాంటి నేలలో సుమారు అయిదో వంతు బ్రిటన్‌లోనే ఉంది. కాబట్టి ఇది చిన్న నష్టం కాదు.

అందుకే ఇప్పుడు ఆష్‌డౌన్‌లో గొర్రెలను, పొట్టి గుర్రాలను పనిగట్టుకుని మేపుతున్నారు. బర్చ్ మొక్కలు పీకుతున్నారు. ముదిరిన హెదర్‌ను కోసి లేతది రానిస్తున్నారు. హెదర్ ఆయుష్షు సుమారు 30 నుంచి 40 ఏళ్ళు. ముదిరితే నడిమధ్య విచ్చుకుని పోతుంది. లేతది, నడివయసుది, ముదురుది అన్నీ పక్కపక్కన ఉంటేనే పిట్టకు, చిలుకకు, బల్లికి అన్నిటికీ చోటు. 1877లో జాన్ మైల్స్ చేసిన పనే ఇప్పుడు సంరక్షణ అనే పేరుతో జరుగుతోందన్నమాట!

ఆట మేలు చేసిందా, కీడు చేసిందా?

రెండు వైపులా చూడటం సైన్సు విద్యార్థి లక్షణం. గోల్ఫ్ వల్ల కొంత మేలు జరిగింది. రఫ్‌లో హెదర్ ఉంటేనే ఆటకు రుచి, కాబట్టి ఆటగాళ్ళకు హెదర్ కావాలి, చెట్లు కమ్మకూడదు. ఇంగ్లండులో ఇళ్ళు, రోడ్లు మింగేయవలసిన కొన్ని హీత్ ముక్కలు గోల్ఫ్ మైదానాలు కావడంవల్ల మిగిలాయి.

కీడు కూడా ఉంది. రోజూ కత్తిరించే ఫెయిర్‌వే, గ్రీన్ హీత్ కావు. వాటికి ఎరువు ఎక్కువ వేస్తే సన్నగడ్డి పోయి మోటుగడ్డి వస్తుంది. ఆ ఎరువు పక్కకు పారితే హెదర్‌కు ముప్పు. పేదనేలకు ఎరువే విషం అన్న మాట వింతగా లేదూ? వాహనాల పొగ నుంచి, పశువుల పెంపక కేంద్రాల నుంచి లేచే నత్రజని సమ్మేళనాలు వానతో దిగినా ఇదే తంటా. అందుచేత మంచి హీత్ మైదానం అంటే తక్కువ నీరు, తక్కువ ఎరువు వాడి, సన్నని గడ్డితో సరిపెట్టుకునేది. అలాంటి గడ్డి వేసవిలో కొంచెం గోధుమరంగుకు తిరుగుతుంది. టీవీలో ముదురాకుపచ్చ చూసి అలవాటైన వాళ్ళకు అది నచ్చదు. కానీ గట్టినేల, సన్నగడ్డి ఉన్నచోటే బంతి చక్కగా ఎగిరి దూరం దొర్లుతుంది.

మన సంగతి

ఇంగ్లండు గుట్టల గోడు మనకెందుకని అనకండి. కర్నూలు పక్కన నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడు ఉంది. చెట్లులేని గడ్డినేల. చూసినవాడు బీడు అనే అంటాడు. బట్టమేక పిట్టకు కావలసింది అలాంటి విశాలమైన గడ్డినేలే. దానికోసమే 1988లో రోళ్ళపాడును అభయారణ్యంగా ప్రకటించారు. అయినా ఆ పిట్ట జాడ అక్కడ దాదాపు కరువైపోయింది. గడ్డినేలలో చెట్లు నాటితే మేలు చేసినట్టు కాదు, ఆ పిట్ట ఇల్లు తీసేసినట్టు. మొక్క నాటడం మంచిపనే. ఎక్కడ నాటుతున్నామో, అక్కడ ఇప్పటికే ఎవరు కాపురం ఉన్నారో ముందు చూడాలి.

మీరు చేసి చూడండి

1. రెండు ప్లాస్టిక్ సీసాల అడుగుభాగం కోసేసి, మూతుల దగ్గర గుడ్డ కట్టి తలకిందులుగా నిలబెట్టండి. ఒకదానిలో ఇసుక, మరొకదానిలో చెరువుమట్టి సమానంగా పోయండి. ఒక్కొక్కదానిలో ఒక గ్లాసు నీళ్ళు పోసి, సగం గ్లాసు కిందికి దిగడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి.

2. ఒక రబ్బరు బంతిని ఒక మీటరు ఎత్తునుంచి సిమెంటు నేలమీద, గట్టి మట్టినేల మీద, ఇసుక కుప్పమీద, గుబురు గడ్డిమీద వదలండి. ఎంత ఎత్తు లేచిందో కొలవండి. లేచిన ఎత్తును వదిలిన ఎత్తుతో భాగిస్తే, బంతికి మిగిలిన శక్తి ఎన్నో వంతో తెలుస్తుంది. మిగతా శక్తి ఏమైందో ఆలోచించండి.

3. బడి ఆవరణలో పక్కపక్కన రెండు చదరపు మీటర్లు గుర్తుపెట్టి దారం కట్టండి. ఒకదానిలో నెలకోసారి గడ్డి కోయండి. రెండోదాన్ని ముట్టుకోకండి. ఏడాది పొడుగునా ప్రతినెలా రెండింటిలో ఎన్నిరకాల మొక్కలున్నాయో లెక్కపెట్టి పట్టిక వేయండి. ఏది నెగ్గుతుందో నేను ముందే చెప్పను. నేలను బట్టి జవాబు మారుతుంది.

ఆలోచించి జవాబు రాయండి

1. ఆష్‌డౌన్‌లో ఇసుక ఉన్నా ఇసుక గుంటలు ఎందుకు లేవు?
2. హెదర్ ఉన్న నేలకు ఎరువు వేస్తే హెదర్‌కు నష్టమేమిటి?
3. మీ ఊరి ఉమ్మడి నేలలో మీ తాతగారి కాలంలో ఏమేమి పెరిగేవి? అక్కడ ఎవరు ఏం కోసుకునేవారు? ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. రేపర్ వకీలు చేసిన పనికూడా అదే.